ఇంట్లో వీగన్ లేయర్ కేక్: తరచుగా అడిగే ప్రశ్నలు

గుడ్డు, పాలు, వెన్న, నెయ్యి, తేనె ఏవీ లేకుండా కేక్ చేయాలనుకునేవాళ్లు ముందు స్పాంజ్ గురించి భయపడతారు. స్పాంజ్ తేలిక. తలనొప్పంతా క్రీమ్‌తోనే, అదీ మన ఎండల్లో. అందుకే కింద క్రీమ్ గురించి ఎక్కువ, మిగతావాటి గురించి తక్కువ ఉంటుంది. కొలతలన్నీ ఆరు అంగుళాల గుండ్రటి టిన్నులు రెండింటికి. క్రీమ్‌తో కలిపి పూర్తయ్యేసరికి కేక్ కిలో అటూఇటూగా తూగుతుంది.

ఎగ్‌లెస్ కేక్, వీగన్ కేక్ ఒకటే కదా?

కాదు. బేకరీలో ఎగ్‌లెస్ అంటే గుడ్డు వేయలేదని మాత్రమే అర్థం. కండెన్స్‌డ్ మిల్క్, పెరుగు, వెన్న అందులో దండిగా ఉండొచ్చు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉన్నా అంతే, ఆ చుక్క శాకాహారానికి గుర్తు కాబట్టి పాల పదార్థాలకూ వర్తిస్తుంది. వీగన్ ఆహారానికి మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో విడిగా నిబంధనలు తెచ్చింది. ఆకుతో ఉన్న ఆకుపచ్చ ‘వి’ అక్షరం లోగో కనిపిస్తే నిశ్చింతగా కొనొచ్చు. లోగో లేనంత మాత్రాన వీగన్ కాదని అనుకోనక్కర్లేదు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితా చదివితే సంగతి తెలుస్తుంది.

ఆ జాబితాలో ఏమేం చూడాలి?

మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్, లాక్టోజ్ (ఈ నాలుగూ పాల నుంచి వచ్చేవే), జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది), తేనె. రంగుల్లో 120 నంబర్ అంటే పురుగుల నుంచి తీసే ఎరుపు. మెరుపు పూతల్లో 904 అంటే లక్క, అదీ పురుగుల నుంచి వచ్చేదే. కోకో బటర్ అని ఉంటే కంగారు పడకండి, అది కోకో గింజ కొవ్వే.

గుడ్డు లేకుండా కేక్ ఎలా పొంగుతుంది?

వంటసోడాకి వెనిగర్ గానీ నిమ్మరసం గానీ తగిలితే గ్యాస్ పుడుతుంది. ఓవెన్ వేడికి ఆ బుడగలు పెద్దవవుతాయి, ఈలోగా మైదా గట్టిపడి వాటిని అలాగే పట్టి ఉంచుతుంది. ఇది కొత్త కిటుకేం కాదు. 1930లలో ఆర్థికమాంద్యం నాటి అమెరికాలో గుడ్లు, పాలు, వెన్న కొనలేని ఇళ్లల్లో అవేవీ లేని కేకులు బాగా నడిచాయి. ఇలా వెనిగర్, సోడాతో చేసే చాక్లెట్ కేక్‌ని వాకీ కేక్ అంటారు. అప్పట్లో ‘వీగన్’ అన్న మాటే లేదు.

అందుకే ‘గుడ్డుకి బదులు ఏం వేయాలి’ అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టొద్దని చెబుతాను. నాలుగు గుడ్ల రెసిపీ తీసుకుని అవిసె గింజల పొడి, అరటిపండు గుజ్జు వేసి సరిపెడితే బరువైన, తడితడిగా ఉండే కేకే వస్తుంది. మొదటి నుంచీ గుడ్డు లేని రెసిపీనే పట్టుకోండి.

చాక్లెట్ స్పాంజ్‌కి కొలతలు చెప్పండి.

మైదా 180 గ్రాములు, కోకో పౌడర్ 20 గ్రాములు, పంచదార 200 గ్రాములు, వంటసోడా 1 టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్. ఇవి పొడివి. తడివాటిలో నీళ్లు 240 మిల్లీలీటర్లు, వాసన లేని నూనె 80 మిల్లీలీటర్లు, తెల్ల వెనిగర్ 1 టేబుల్ స్పూన్, వెనిలా ఎసెన్స్ 1 టీస్పూన్.

పొడివన్నీ రెండుసార్లు జల్లించండి. పంచదార పెద్ద పలుకైతే మిక్సీలో ఒక తిప్పు తిప్పాలి. తడివి వేరే గిన్నెలో కలిపి పొడిలో పోసి, విస్కర్‌తో పొడి కనబడనంత వరకే కలపండి. చిన్న ఉండలు ఒకటో రెండో మిగిలినా ఫర్వాలేదు. బీటర్ వాడొద్దు, ఎక్కువ కలిపితే మైదా సాగి కేక్ రబ్బరులా వస్తుంది. పిండి పల్చగా, గరిటె జారుడుగా ఉంటుంది. అది చూసి ఇంకో గుప్పెడు మైదా వేసేవాళ్లే ఎక్కువ. వేయకండి.

అడుగున బటర్ పేపర్ వేసి నూనె రాసిన టిన్నుల్లో సమానంగా పోసి వెంటనే ఓవెన్‌లో పెట్టాలి. వెనిగర్ తగిలిన క్షణం నుంచి గ్యాస్ పోతూనే ఉంటుంది కాబట్టి ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి, టిన్నులు ముందే సిద్ధంగా ఉండాలి. 175 డిగ్రీల దగ్గర 28 నుంచి 35 నిమిషాలు పడుతుంది.

నా దగ్గర డార్క్ కోకో ఉంది. అది వేయొచ్చా?

వేయొచ్చు గానీ సోడా తగ్గించాలి. ఒక టేబుల్ స్పూన్ వెనిగర్ ఒక టీస్పూన్ సోడా మొత్తాన్ని విరిచేయలేదు. మామూలు కోకోలో సహజంగా ఉండే పులుపు కొంత సాయం చేస్తుంది. నల్లగా ఉండే డచ్ కోకోలో ఆ పులుపు తీసేస్తారు. సోడా మిగిలిపోయి కేక్ సబ్బు వాసన కొడుతుంది. సోడా అర టీస్పూన్, బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్ వేస్తే సరిపోతుంది.

వెనిలా స్పాంజ్ కావాలంటే?

మైదా 190 గ్రాములు, పంచదార 170, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్, సోడా అర టీస్పూన్, చిటికెడు ఉప్పు. తీపి లేని సోయా పాలు 240 మిల్లీలీటర్లలో 1 టేబుల్ స్పూన్ నిమ్మరసం పిండి పది నిమిషాలు వదిలేయండి. విరిగి మజ్జిగలా అవుతుంది. అందులో నూనె 80 మిల్లీలీటర్లు, వెనిలా 2 టీస్పూన్లు. మిగతా పద్ధతంతా చాక్లెట్ స్పాంజ్‌దే. చాక్లెట్ కేక్‌లో కోకో చాలా లోపాలు కప్పేస్తుంది. వెనిలా అలా కాదు, నూనె వాసన, సోడా రుచి అన్నీ బయటపెట్టేస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు చాక్లెట్‌తో మొదలుపెట్టడం మంచిది.

సోయా పాలే ఎందుకు? కొబ్బరి పాలు, బాదం పాలు పనికిరావా?

పనికొస్తాయి. అయితే సోయాలో ప్రొటీన్ ఎక్కువ కాబట్టి నిమ్మరసానికి బాగా విరుగుతుంది, స్పాంజ్‌కి పట్టు వస్తుంది, పైన రంగు కూడా బాగా తిరుగుతుంది. బాదం పాలు నీళ్లలా ఉంటాయి. కొబ్బరి పాలతో కేక్ బరువుగా వస్తుంది గానీ వాసన బాగుంటుంది, ముఖ్యంగా మామిడి, పైనాపిల్ ఫిల్లింగ్‌కి. ఇంట్లో పల్లీలు నానబెట్టి రుబ్బి పాలు తీసేవాళ్లు అవి చాక్లెట్ కేక్‌లో వాడుకోవచ్చు. వెనిలాలో పల్లీ వాసన తెలిసిపోతుంది.

ఏ నూనె?

రిఫైన్డ్ సన్‌ఫ్లవర్. గానుగ వేరుశనగ నూనె, నువ్వుల నూనె వద్దు, వాసన దాగదు.

మైదా వద్దు, గోధుమపిండి, బెల్లంతో చేస్తాను అంటే?

లేయర్ కేక్‌కి పూర్తిగా గోధుమపిండి నేను సిఫారసు చేయను. చపాతీ పిండి ఎక్కువ నీళ్లు లాగుతుంది, పొర గట్టిగా వస్తుంది, కోస్తే రాలుతుంది. సగం మైదా, సగం గోధుమపిండి, పైన రెండు మూడు చెంచాల నీళ్లు అదనంగా వేస్తే పర్వాలేదు. బెల్లం అయితే తురిమి, ఆ కొలత నీళ్లలోనే కరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లారాక వాడండి. రంగు ముదురుతుంది, తడి ఎక్కువ ఉంటుంది. టీ పక్కన తినే కేక్‌కి ఇవన్నీ చక్కగా కుదురుతాయి. మూడంతస్తులు నిలబెట్టాలంటే మాత్రం మైదాయే నయం.

ఓవెన్ లేదు. కుక్కర్‌లో కుదురుతుందా?

కుదురుతుంది. ఐదు లీటర్ల కుక్కర్‌లో ఆరు అంగుళాల టిన్ పడుతుంది. మూతకున్న రబ్బరు, విజిల్ రెండూ తీసేయండి. అడుగున ఒక అంగుళం మందాన రాళ్ల ఉప్పు పోసి, దాని మీద స్టాండ్ పెట్టి, మూత పెట్టి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. నీళ్లు పోయకూడదు. టిన్ లోపల పెట్టాక మంట బాగా తగ్గించి 40 నుంచి 50 నిమిషాలు. మొదటి అరగంట మూత తీయొద్దు.

ఒక చిక్కుంది. కుక్కర్‌లో ఒకసారికి ఒక్క టిన్నే పడుతుంది, కలిపిన పిండి రెండో వాయి దాకా ఆగదు. అందుకే పొడివన్నీ కలిపి తూకం వేసి రెండు భాగాలు చేసుకోండి. తడివి కూడా సగం సగం కొలిచి ఉంచుకోండి. మొదటి టిన్ బయటికి వచ్చే ముందు రెండోది కలపండి.

ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) పైన మాడిపోతోంది, లోపల పచ్చిగా ఉంటోంది.

చిన్న ఓటీజీల్లో పై రాడ్ కేక్‌కి మరీ దగ్గరగా ఉంటుంది. ముందు వేడి చేసేటప్పుడు రెండు రాడ్లూ వేసి, కేక్ పెట్టాక కింది రాడ్ ఒక్కటే ఉంచండి. చివరి ఐదు నిమిషాలు కావాలంటే పైది వేసుకోవచ్చు. గుండీ మీద రాసిన అంకెకీ లోపలి వేడికీ ఇరవై డిగ్రీల తేడా ఉండటం మామూలే. ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఆ అనుమానం తీరిపోతుంది. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో అయితే 160 నుంచి 165 చాలు.

కేక్ మధ్యలో కుంగింది. ఎందుకు?

తలుపు ముందే తీశారేమో, సోడా ఎక్కువైందేమో, లేదా లోపల ఉడకకముందే బయటికి తీశారేమో. మూడోదే ఎక్కువసార్లు కారణం. గుడ్డు లేని కేక్‌లో పుల్ల గుచ్చి తీస్తే శుభ్రంగా వచ్చినా ఇంకో రెండు నిమిషాలు ఉంచడం మంచిదే. అంచులు టిన్‌ని వదిలి లోపలికి జరగాలి, మధ్యలో వేలితో నొక్కితే పైకి లేవాలి. అడుగున బంక పొరలా కనిపిస్తే పిండి ఎక్కువ కలిపారనో, కలిపాక ఆలస్యం చేశారనో అర్థం.

కొద్దిగా కుంగితే పారేయక్కర్లేదు. ఆ గుంట క్రీమ్‌తో నిండిపోతుంది, పైన ఇంకో పొర వస్తుంది.

పొరలుగా కోస్తుంటే విరిగిపోతోంది.

వేడి మీద కోస్తున్నారు. టిన్‌లోంచి పది నిమిషాల తర్వాత తీసి, జాలీ మీద చల్లార్చి, క్లింగ్ ఫిల్మ్ చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. నూనె వేసిన స్పాంజ్ ఫ్రిజ్‌లో గట్టిపడిపోదు, కోతకి మాత్రం నిలుస్తుంది. మర్నాడు పళ్లున్న బ్రెడ్ కత్తితో ముందు పై గుబ్బ తీసేయండి. తర్వాత కేక్ చుట్టూ సగం ఎత్తులో అర అంగుళం లోతు గాటు పెట్టి, ఆ గాటులో గట్టి దారం కూర్చి, రెండు కొసలూ ముందుకి మెలివేసి లాగండి. చేయి వణికినా పొర సమంగా వస్తుంది. ఒక్కో కేక్ రెండు పొరలు, మొత్తం నాలుగు. కోయడం భయమైతే కోయకండి, రెండు మందమైన పొరల కేక్ కూడా లేయర్ కేకే.

అసలు ఏ క్రీమ్ వాడాలి?

రెసిపీ చూసి కాదు, క్యాలెండర్ చూసి ఎంచుకోండి. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో పుట్టినరోజు ఉంటే ఒక జవాబు, డిసెంబర్‌లో ఉంటే ఇంకో జవాబు.

కొబ్బరి కొవ్వు దాదాపు 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఇంటర్నెట్‌లో కనబడే తెల్లటి కొబ్బరి క్రీమ్ కేకులు చల్లటి దేశాల వంటిళ్లవి. మన దగ్గర ఫ్యాన్ కింద పెట్టిన పది నిమిషాలకే అంచుల నుంచి జారిపోతుంది. కొబ్బరి రుచి కావాలంటే పైపూతకి కాకుండా పొరల మధ్య, అదీ ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తినేట్టు వాడుకోండి. కొబ్బరి పాల డబ్బా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, కదపకుండా తెరిచి, పైన పేరుకున్న గట్టి భాగం తీసి ఐసింగ్ షుగర్‌తో గిలక్కొట్టడమే.

ఎండాకాలానికి నా ఓటు గనాష్‌కి. డార్క్ చాక్లెట్ 300 గ్రాములు సన్నగా తరిగి, మొదటిసారి పిండిన చిక్కటి కొబ్బరి పాలు 150 మిల్లీలీటర్లు వేడి చేసి పోయాలి. పాలు అంచుల్లో బుడగలు రాగానే దించేయండి, తెర్లనివ్వొద్దు. రెండు నిమిషాలు ఆగి మధ్య నుంచి మెల్లగా కలిపితే నిగనిగలాడుతూ వస్తుంది. నూనె తేలి విరిగినట్టు కనిపిస్తే ఒక చెంచా వేడినీళ్లు పోసి కలపండి, కలిసిపోతుంది. చల్లారి, గరిటెతో ఎత్తితే జారకుండా నిలిచేదాకా బయటే ఉంచాలి. దానికి నాలుగైదు గంటలు పట్టొచ్చు. తొందరపడి ఫ్రిజ్‌లో పెడితే అంచులు గట్టిపడి మధ్యలో పల్చగా ఉంటుంది. చలికాలంలో పాలు 200 మిల్లీలీటర్ల దాకా పెంచొచ్చు.

చాక్లెట్ కొనేటప్పుడు జాబితా చదవడం మర్చిపోవద్దు, డార్క్ అని రాసినవాటిలోనూ మిల్క్ సాలిడ్స్ ఉంటాయి. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల మధ్య అంతరపంటగా వేస్తారు. గనాష్‌లో కలిసే రెండూ ఒకే తోటలో పెరుగుతాయన్నమాట.

షాపులో దొరికే విప్పింగ్ క్రీమ్ మీద నాన్ డెయిరీ అని ఉంది. అది వీగనేనా?

చాలాసార్లు కాదు. మొక్కల నుంచి తీసిన కొవ్వుతో చేసినా అందులో సోడియం కేసినేట్ కలుపుతారు. అది పాల ప్రొటీన్. పాల అలర్జీ ఉన్నవాళ్లకి ఇది ప్రమాదకరం కూడా. కేసినేట్ లేని టాపింగ్స్ బేకరీ సామాన్ల దుకాణాల్లో దొరుకుతున్నాయి, అడిగి, చదివి కొనండి.

ఈ రకం క్రీమ్ గడ్డకట్టి వస్తుంది. ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చాలి. గిన్నె, బీటర్ పుల్లలు కూడా పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. కిలో కేక్‌కి 250 నుంచి 300 మిల్లీలీటర్లు చాలు, కొడితే మూడింతలవుతుంది. మొదట నిమిషం నెమ్మదిగా, తర్వాత మధ్యస్థంగా. బీటర్ గీతలు చెరగకుండా నిలబడ్డాయంటే ఆపేయండి. ఇంకా కొడితే పొక్కులు పొక్కులుగా, రవ్వగా మారుతుంది. అలా అయితే కొట్టని క్రీమ్ రెండు చెంచాలు పోసి గరిటెతో కలిపితే చాలావరకు సర్దుకుంటుంది.

బటర్‌క్రీమ్ సంగతేంటి?

పాల పదార్థాలు లేని మార్గరిన్ లేదా వీగన్ బటర్ 200 గ్రాములు తెల్లబడేదాకా గిలక్కొట్టి, ఐసింగ్ షుగర్ 350 గ్రాములు విడతలుగా కలపాలి. పువ్వులు, గీతలు స్పష్టంగా వస్తాయి. నా నోటికి మరీ తీపి. అర చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేస్తే కాస్త దిగుతుంది. వేసవిలో ఏసీ గదిలో అయితేనే నిలుస్తుంది.

వనస్పతి కలిపితే ఎండకి నిలుస్తుందని కొందరు అంటారు. నిజమే, నిలుస్తుంది. చిన్న ఊళ్ల పాత బేకరీ కేకుల మీద గట్టి గులాబీలు గుర్తున్నాయా, వాటి రహస్యం అలాంటి కొవ్వులే. తిన్నాక అంగిలికి అంటుకునే ఆ పొర కూడా దాని వల్లే. 2022 నుంచి మన దేశంలో కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న నిబంధన వచ్చింది. అయినా నేను వాడను.

చక్కెర, కొవ్వు తక్కువగా ఉండే పైపూత ఏదైనా ఉందా?

చిలగడదుంప. 250 గ్రాములు ఉడికించి, తొక్కా పీచూ తీసి, వేడి మీదే 200 గ్రాముల కరిగించిన డార్క్ చాక్లెట్‌తో మిక్సీలో తిప్పి జల్లెడ పట్టండి. చల్లారితే చక్కగా పూయడానికి వస్తుంది. చెప్పకపోతే దుంప అని ఎవరూ కనిపెట్టలేరు. చాక్లెట్ ఉంది కాబట్టి దీన్ని డైట్ వంటకం అనుకోకండి.

శనగలు ఉడికించిన నీళ్లతో క్రీమ్ వస్తుందట, నిజమా?

నిజమే. కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లు గుడ్డు తెల్లసొనలా నురగ కడతాయి. ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ అనే సంగీతకారుడు 2014లో దీన్ని బయటపెట్టారు. మరుసటి ఏడాది అమెరికాలో గూస్ వోల్ట్ దానికి ఆక్వాఫాబా అని పేరు పెట్టారు. ఇంట్లో ఉడికించిన నీళ్లు పల్చగా ఉంటే సగమయ్యేదాకా మరిగించి చల్లార్చండి. ఉప్పు వేయకుండా ఉడికించాలి. అయితే ఆ నురగ గాలిలో తేమకి తొందరగా కుంగిపోతుంది. కోస్తా ఊళ్లలో, అందులోనూ వర్షాకాలంలో, కేక్ మొత్తానికి దీన్ని నమ్ముకోలేం.

పొరల మధ్య ఏం పెడితే బాగుంటుంది?

వేసవిలో మామిడి. బంగినపల్లి గట్టి కండ ఉన్న పండు, ముక్కలు కోసి నేరుగా పెట్టొచ్చు. రసాలు ముక్కలకి రావు, గుజ్జు పిండి, కప్పు గుజ్జుకి ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్, రెండు చెంచాల పంచదార కలిపి చిక్కబడేదాకా ఉడికించాలి. నీరు ఎక్కువుండే పండ్లు పచ్చిగా పెడితే రసం వదిలి పొర జారుతుంది. పైనాపిల్ తప్పకుండా ఉడికించే పెట్టాలి. పండ్ల ఫిల్లింగ్ పెట్టే ముందు పొర అంచు చుట్టూ క్రీమ్‌తో ఒక గట్టు కట్టండి, రసం బయటికి రాదు.

బటర్‌స్కాచ్ కేక్ లేకపోతే పుట్టినరోజే కాదనే ఇళ్లు చాలా ఉన్నాయి. అందులో కరకరలాడే పలుకులకి వెన్న అవసరమే లేదు. అర కప్పు పంచదార మందపాటి మూకుట్లో తేనె రంగుకి కరిగించి, వేయించిన జీడిపప్పు బద్దలు గుప్పెడు వేసి, నూనె రాసిన పళ్లెంలో పోసి, ఆరాక అప్పడాల కర్రతో కొట్టండి. పలాస గుండు జీడిపప్పు దీనికి దండగ, విరిగిన బద్ద చాలు. వీటిని వడ్డించే రోజే వేయాలి, ముందురోజు వేస్తే తేమకి కరిగి జిగటగా అవుతాయి.

కేక్ నిలబెట్టి, నున్నగా పూయడం ఎలా?

ఒక అట్ట మీద చెంచాడు క్రీమ్ అంటించి మొదటి పొర పెట్టండి, జరగకుండా ఉంటుంది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 50 గ్రాముల పంచదార మరిగించి చల్లార్చిన పాకం బ్రష్‌తో తడపండి. పొర మెత్తబడాలి, కారకూడదు. క్రీమ్, ఫిల్లింగ్, పై పొర. ప్రతి పొర పెట్టాక వంగి, కంటికి సమానమైన ఎత్తులో చూసి ఏ పక్కకి ఒరిగిందో సరిచేయండి. చివరి పొర తిరగేసి పెడితే అడుగు భాగం పైకి వచ్చి చదునుగా ఉంటుంది.

ఇప్పుడు పల్చగా ఒక పూత వేయాలి. లోపలి కేక్ కనబడుతున్నా ఫర్వాలేదు, ఈ పూత పని రాలే పొడిని పట్టి ఉంచడమే. ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాక అసలు పూత. క్రీమ్ ముందు పైన వేసి, అంచులు దాటేదాకా నెట్టి, తర్వాత పక్కలకి దించండి. స్క్రేపర్‌ని పక్కన నిటారుగా ఆనించి చేయి కదపకుండా టర్న్ టేబుల్ ఒక్కటే తిప్పాలి. చేతిని తిప్పితే గీతలు పడతాయి. క్రీమ్ వాడితే ప్రతి తిప్పుకీ స్క్రేపర్ తుడవాలి. గనాష్ అయితే వేడినీళ్లలో ముంచి తుడిచిన కత్తితో చివర ఒకసారి లాగితే అద్దంలా వస్తుంది. పై అంచు దగ్గర లేచిన క్రీమ్‌ని బయటి నుంచి మధ్యకి లాగేయండి.

అంత నున్నగా రాకపోతే చెంచా వెనకవైపుతో అలలు అలలుగా గీసేయండి. ఫొటోలో అదే బాగుంటుంది.

టర్న్ టేబుల్, నాజిల్స్ అన్నీ కొనాలా?

టర్న్ టేబుల్ కొనండి, తేడా తెలుస్తుంది. నాజిల్స్‌లో పెద్ద నక్షత్రం ఒక్కటి చాలు, దాన్ని 1ఎం అంటారు. గులాబీ, గవ్వ, అంచు అన్నీ దానితోనే వస్తాయి. పేరు రాయడానికి బటర్ పేపర్‌తో గోరింటాకు కోన్ చుట్టినట్టు చుట్టి, కొస చిన్నగా కత్తిరించండి. కోన్ పెట్టడం వచ్చిన చేతికి కేక్ మీద రాయడం కొత్తేం కాదు. పాత బేకరీ చిట్కా అయితే పాల కవర్ కడిగి వాడటం. వీగన్ కేక్‌కి నూనె ప్యాకెట్ కడుక్కోండి, ఎవరైనా చూస్తే నవ్వుతారు మరి.

రంగులు వంటింటివే వాడొచ్చా?

క్రీమ్‌లో వాడొచ్చు, స్పాంజ్‌లో జాగ్రత్త. బీట్‌రూట్ రసం క్రీమ్‌కి మంచి గులాబీ రంగు ఇస్తుంది, అదే ఓవెన్‌లోకి వెళ్తే మట్టి రంగుకి దిగుతుంది. పసుపు సోడా తగిలితే ఎర్రబడుతుంది. దిష్టి నీళ్లలో పసుపు, సున్నం కలిస్తే జరిగేదే ఇక్కడా జరుగుతుంది. పసుపు రంగు స్పాంజ్ కోసమని వేస్తే ఇటుక రంగు మచ్చలు తేలతాయి. శంఖుపువ్వులు వేడినీళ్లలో నానబెడితే నీలం వస్తుంది, నిమ్మరసం పడితే అది ఊదా. ఈ రసాలు నేరుగా పోస్తే క్రీమ్ పల్చబడుతుంది, చిక్కబడేదాకా మరిగించి చుక్కలుగా వేయాలి.

పూలు, సిల్వర్ బాల్స్, స్ప్రింకిల్స్?

పూల మార్కెట్ గులాబీలకి మందులు కొడతారు, అవి కేక్‌కి వద్దు. పెరట్లో మందు కొట్టని గులాబీ, మందార, శంఖుపువ్వు పెట్టొచ్చు. గన్నేరు పొరపాటున కూడా పెట్టకండి, విషం. మెరిసే బాల్స్, స్ప్రింకిల్స్‌లో లక్క పూత, జెలటిన్ సాధారణం. వెండి రేకుని ఒకప్పుడు జంతు చర్మాల మధ్య పెట్టి సాగగొట్టేవారు. దాని తయారీలో జంతు పదార్థాలేవీ వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లో నిబంధన పెట్టింది, కాబట్టి లేబుల్ ఉన్న ప్యాకెట్టే కొనండి. నన్నడిగితే పిస్తా ముక్కలు, చాక్లెట్ తురుము, కాస్త ఎండు కొబ్బరి చాలు.

ఫ్రిజ్‌లోంచి తీస్తే కేక్‌కి చెమట పడుతోంది.

చల్లటి కేక్‌కి బయటి తేమ అంటుకుంటుంది. అట్టపెట్టెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బయటికి తీశాక పెట్టె మూత పావుగంట తెరవొద్దు. చెమట పెట్టెకి పడుతుంది. పడిన చుక్కల్ని తుడవకండి, వాటంతటవే ఆరతాయి. జీడిపప్పు, కొబ్బరి క్రీములున్న కేక్ ఫ్రిజ్‌లో మూడు రోజులు. క్రీమ్ లేని స్పాంజ్ గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే నెల.

వేరే ఇంటికి తీసుకెళ్లాలి.

కారులో సీటు మీద కాదు, కింద కాళ్ల దగ్గర. సీటు వాలుగా ఉంటుంది. స్కూటీ అయితే ముందు ఫుట్‌బోర్డు మీద పెట్టి, స్పీడ్ బ్రేకర్ల గురించి దేవుడికి వదిలేయడమే. ఎండలో వెళ్తుంటే పెట్టె పక్కన ఐస్ ప్యాక్, పైన తడి తువ్వాలు.

మా పాపకి పాల అలర్జీ. వీగన్ కేక్ తినొచ్చా?

లేబుల్ మీద వీగన్ అని ఉండటం ఒకటి, పాల జాడ లేకపోవడం ఇంకొకటి. ఒకే మెషిన్‌లో మిల్క్ చాక్లెట్ కూడా చేసిన కంపెనీలు ‘పాలు ఉండవచ్చు’ అని రాస్తాయి. తీవ్రమైన అలర్జీ ఉంటే అలాంటివి వాడకూడదు. ఇంట్లో గరిటెలు, బీటర్, జల్లెడ ముందు బాగా కడగాలి. పార్టీకి వచ్చే పిల్లల్లో ఎవరికైనా జీడిపప్పు, పల్లీ, సోయా పడకపోతే అది కూడా కనుక్కోండి. వీగన్ కేకుల్లో ఎక్కువగా కనిపించేవి అవే.

అమెరికాలో ఉంటాం. కొలతలు, సామాన్లు మారతాయా?

మైదాకి బదులు ఆల్ పర్పస్ ఫ్లోర్ వేసి, ప్రతి కప్పులో రెండు టేబుల్ స్పూన్లు తీసి అంత కార్న్‌స్టార్చ్ కలపండి. 175 డిగ్రీలంటే అక్కడి ఓవెన్‌లో దాదాపు 350 ఫారెన్‌హీట్. వీగన్ బటర్, సోయా పాలు మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి కాబట్టి మీకు బటర్‌క్రీమ్ సులువు. పంచదార మాత్రం చూసుకోండి. అక్కడ కొన్ని రిఫైనరీలు తెల్లబరచడానికి ఎముకల బొగ్గు వాడతాయి, ఆర్గానిక్ అని రాసిన చక్కెరలో అది ఉండదు. మన దేశపు మిల్లుల్లో ఎక్కువగా సున్నం, గంధకంతోనే శుద్ధి చేస్తారు.

ఇంటి నుంచి అమ్మాలంటే?

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. వీగన్ అని రాసి అమ్మితే 2022 నిబంధనలు వర్తిస్తాయి. అదే వంటింట్లో నెయ్యి కేకులూ చేస్తుంటే ఆ సంగతి కొనేవాళ్లకి ముందే చెప్పండి.

కోసి తీసేసిన పై గుబ్బ ముక్కలు ఏం చేయాలి?

చేత్తో పొడి చేసి, మిగిలిన గనాష్ రెండు చెంచాలు కలిపి ఉండలు చుట్టి, కోకో పొడిలో దొర్లించండి. గనాష్ మిగలకపోతే కొబ్బరి పాలు కొద్దిగా పోసి, గ్లాసుల్లో పొడి, క్రీమ్, మామిడి ముక్కలు ఒకదాని మీద ఒకటి వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. పిల్లలు ఇంట్లో ఉంటే ఈ ప్రశ్నే రాదు, గుబ్బ కోసిన నిమిషంలోనే ఖాళీ.